బొండపేట క్యాంటీన్ ఎదిగిన వైనం

బొండపేట మిలిటరీ క్యాంటీన్‌లో పదహారేళ్లుగా ఒక్క తప్పు కూడా జరగలేదు. అందుకని దాన్ని మూసేద్దామనుకున్నారు.

అలా నోరు తెరవకండి. మొదట్నుంచీ చెప్తాను.

బొండపేట చుట్టుపక్కల నలభై ఊళ్లలో ఇంటికొకరు పట్టాళానికి వెళ్లినవాళ్లే. వెళ్లినవాళ్లు ఇనప ట్రంకుపెట్టెతో, పెన్షన్ కాగితాలతో, కోపమొస్తే హిందీలో తిట్టే అలవాటుతో తిరిగొచ్చారు. వాళ్లందరికీ సబ్బు నుంచి రమ్ము దాకా చవగ్గా ఇచ్చేది రైల్వే గేటు పక్కనున్న ఈ క్యాంటీనే. బోర్డు మీద 'సైనిక చిల్లర విక్రయ సేవ' అని ఉంటుంది గానీ, ఆ పేరు రాసిన పెయింటరుకు తప్ప ఇంకెవరికీ నోరు తిరగలేదు. అందరూ క్యాంటీనే అంటారు.

కౌంటర్లో ఉండేది మజ్జి తవిటినాయుడు. రిటైర్డ్ హవల్దారు. పట్టాళంలో ఉన్నన్నాళ్లూ స్టోర్లే చూశాడు, బయటికొచ్చాక ఇక్కడ చేరాడు. మిలిటరీలో మనిషికి పేరు కన్నా నంబరు ముఖ్యం. ఆ నంబర్లో చివరి మూడంకెలు పట్టుకుని పిలుచుకోవడం వాళ్లకు అలవాటు. తవిటినాయుడికి నలభై ఊళ్ల నంబర్లూ కంఠతా వచ్చు. ఏ నంబరుకు ఏ సబ్బు పడుతుందో, ఏ నంబరుకు టీపొడి ఎన్నాళ్లొస్తుందో అదీ వచ్చు. గేటు దగ్గర బస్సు ఆగి జనం దిగుతుంటే కిటికీలోంచి చూసి, "ఎనిమిదొందల నలభై... గంధం సబ్బులు నాలుగు, టీపొడి, కొబ్బరినూనె" అని గొణుక్కుంటూ సంచి సర్దేసేవాడు. మనిషి మెట్లెక్కి క్యాంటీన్ కార్డు తీసేసరికి సంచి కౌంటరు మీద ఉండేది. కార్డు గీకడం, "జై హింద్" అనడం, అంతే. ఒక్క నిమిషం పని. డ్రైవరు టీ తాగి వచ్చేలోగా సరుకు తీసుకుని అదే బస్సెక్కి వెళ్లిపోయిన వాళ్లున్నారు.

మేనేజరు రిటైర్డ్ మేజర్ దంతులూరి వెంకట్రాజు గారు. ఆయనకు చెయ్యడానికి పనేమీ ఉండేది కాదు కాబట్టి ఆయన కూడా ఏ తప్పూ చేసేవారు కాదు.

ఇంత సజావుగా సాగుతుంటే పైవాళ్లకు నిద్రెలా పడుతుంది? ప్రధాన కార్యాలయంలో ఎవరో పెద్దాయన ఒక చల్లని కొండ ఊళ్లో మూడు రోజుల సదస్సుకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు బాగానే వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక సంచలనాత్మక భావనతో వచ్చారు. వారం తిరక్కుండా శాఖలన్నిటికీ సర్క్యులర్ వెళ్లింది.

"ఇందుమూలముగా సమస్త శాఖలకు తెలియజేయడమేమనగా, మన సేవ ఇకపై కేవలము వస్తువులు అమ్ముకొను సంస్థగా మిగిలిపోరాదు. నేర్చుకొను సంస్థగా రూపాంతరము చెందవలెను. నేర్చుకొనని సంస్థ ఎదగదు. ప్రతి శాఖయు తాను నేర్చుకొన్న పాఠముల సంఖ్యను నెలనెలా పంపవలెను. పాఠమనగా ఒక తప్పు చేయుట, దానిని గుర్తించుట, మరల జరగకుండ ఒక నూతన నియమము ఏర్పరచుట. ఒకసారి పాఠముగా నమోదైన తప్పు ఆ శాఖలో తిరిగి జరిగినచో తీవ్రముగా పరిగణించబడును."

తవిటినాయుడు ఆ ఫారం ముందేసుకుని గంటసేపు ఆలోచించి, నిజాయితీగా 'సున్న' అని రాశాడు. మేజర్ గారు మీసం దువ్వుకుని సంతకం పెట్టారు. రెండో నెలా సున్నే. మూడో నెలా సున్నే. ఇలాంటి శాఖను చూసి పైవాళ్లు మెడల్ ఇస్తారని మేజర్ గారు కోటు ఉతికించి పెట్టుకున్నారు.

మెడల్ రాలేదు. డాక్టర్ విస్సాప్రగడ కార్తికేయ గారొచ్చారు.

డాక్టరు గారొచ్చారనగానే ముగ్గురు పెన్షనర్లు పంచె మోకాళ్ల పైకి లాగి లైను కట్టారు. ఆయన ఆ డాక్టరు కాదు. ప్రధాన కార్యాలయంలో సంస్థాగత అభ్యసన వికాస విభాగానికి అధిపతి. మనుషులు క్యూలో నిలబడేటప్పుడు ఏం నేర్చుకుంటారన్న దాని మీద పరిశోధన చేసి డాక్టరయ్యారు. ఆయన మాత్రం జీవితంలో ఏ క్యూలోనూ నిలబడిన మనిషిలా కనిపించలేదు.

కౌంటరు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"హవల్దార్ గారూ, నిన్న మీరు నేర్చుకున్నదేమిటి?"

"ఏం లేదు సాబ్. నిన్న రెండొందల ముప్పై మందికి సరుకిచ్చాను."

"నేనడిగింది విక్రయం గురించి కాదు. అభ్యసనం గురించి."

తవిటినాయుడు బుర్ర గోక్కున్నాడు.

"పోనీ, ఈ పదహారేళ్లలో? ఒక్కసారైనా తప్పు చేసి ఉంటారుగా? సిగ్గుపడకండి. మనసు విప్పి చెప్పండి."

"ఒకసారి... మా సుబేదార్ సన్యాసిరావు గారికి గంధం సబ్బుకు బదులు గులాబీ సబ్బు ఇవ్వబోయాను సాబ్."

డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. పెన్ను తీశారు. "చెప్పండి, చెప్పండి! ఇచ్చేశారా?"

"లేదు సాబ్. సంచిలో పెట్టేలోపే గుర్తొచ్చింది."

పెన్ను మూసేశారు. సంబంధం తప్పిపోయిన పెళ్లిళ్ల పేరయ్యలా ఓ నిట్టూర్పు విడిచారు. తర్వాత సంచిలోంచి ఒక గ్రాఫు కాగితం తీసి పరిచారు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా ఒక గీత ఉంది.

"ఇదీ మీ శాఖ."

"తిన్నగా ఉంది సాబ్," అన్నాడు తవిటినాయుడు కొంచెం గర్వంగానే.

"ఆసుపత్రిలో రోగి మంచం పక్కన గీత ఇలా తిన్నగా పోతే ఏమంటారో తెలుసా?" అని, మేజర్ గారి వైపు తిరిగారు. "మేజర్ గారూ, పొరుగు జిల్లా శాఖను చూడండి. గొడుగు అడిగినవాడికి బకెట్ ఇచ్చారు. షేవింగ్ బ్రష్ అడిగినవాడికి బూటు పాలిష్ బ్రష్ ఇచ్చారు, ఆయన దాంతోనే గీసుకున్నాడు కూడా. మూడే మూడు నెలల్లో ఎనభై రెండు పాఠాలు! వాళ్ల గీత చూస్తే కొండెక్కినట్టుంటుంది. మీది అభ్యసన శూన్య శాఖ. తప్పు చెయ్యనివాడు నేర్చుకోడు. నేర్చుకోనివాడు ఎదగడు. ఎదగని శాఖ సంస్థకు భారం. మార్చి నెలాఖరుకు వంద పాఠాలు చూపించండి. లేదా ఈ శాఖను మూసి నగరం శాఖలో విలీనం చేస్తాం."

తవిటినాయుడు లెక్కేసుకున్నాడు. నగరమంటే బస్సులో మూడున్నర గంటలు. అదీ సీటు దొరికితే. మోకాళ్లు అరిగిపోయిన సుబేదార్లూ, పక్షవాతమొచ్చిన నాయక్‌లూ, బూరెల పోలమ్మలాంటి వితంతువులూ రెండు సబ్బుల కోసం అంత దూరం పోవాలా? పోలమ్మ మొగుడు నాయక్ అప్పన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ తవిటినాయుడు ఆమె సంచి సర్ది "నాలుగొందల పదహారూ!" అని మొగుడి నంబరే కేకేస్తాడు. అది వినడానికే ఆమె నెల మొదటి బస్సుకే వస్తుందని అతనికి అనుమానం. ఈ క్యాంటీన్ మూతపడకూడదు. అతనికి కావలసింది అదొక్కటే. దానికోసం ఏం చెయ్యమన్నా చేస్తాననుకున్నాడు పాపం.

డాక్టరు గారి జీపు గేటు దాటగానే మేజర్ గారు పిలిచారు.

"నాయుడూ."

"సాబ్."

"రేపట్నుంచి తప్పులు చెయ్యి."

"ఎలాంటి తప్పులు సాబ్?"

ఇలాంటి యుద్ధానికి మేజర్ గారికి శిక్షణ లేదు. "మంచివి," అన్నారు చివరికి. "ఎవరికీ నష్టం లేనివి. ఇది ఆర్డరు."

ఆర్డరంటే ఆర్డరే. మర్నాడు తొలి బస్సుకే సుబేదార్ సన్యాసిరావు గారు దిగారు. తవిటినాయుడు చెమటలు కక్కుతూ ఆయన సంచిలో గంధం సబ్బు తీసేసి గులాబీ సబ్బు పెట్టాడు. ఆయన సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే, శత్రువుకి తుపాకీ అప్పజెప్పి వచ్చినవాడిలా నీరుకారిపోయాడు. బస్సు హారన్ కొట్టేసరికి ఇక ఆగలేక కౌంటరు దూకి, చెప్పుల్లేకుండా పరిగెత్తి, కిటికీలోంచి గంధం సబ్బు ఆయన ఒళ్లోకి విసిరి, "మాఫ్ కర్నా సాబ్!" అని ఏడ్చినంత పని చేశాడు.

సుబేదార్ గారు రెండు సబ్బులు చూసి, ఒకటి ఫ్రీ ఏమో అనుకున్నారు.

ఎలాగైతేనేం, పాఠం నంబరు ఒకటి నమోదైంది. తప్పు: ఒక సబ్బుకు బదులు మరొక సబ్బు. నూతన నియమం: ఇకపై ప్రతి సబ్బునూ ఇద్దరు సిబ్బంది విడివిడిగా వాసన చూసి, ఆ వాసన పేరు కాగితం మీద రాయాలి. ఇద్దరి రాతలూ కలవకపోతే మూడో ముక్కు నిర్ణయమే అంతిమం. మూడో ముక్కు మేజర్ గారిది. ఆయనకు ఏడాది పొడుగునా జలుబు.

ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. "శుభారంభము. కొనసాగించుడి."

కొనసాగించారు. సుబేదార్ గారి తమ్ముడికి ఎనిమిదో నంబరు బూట్లకు బదులు ఆరో నంబరు ఇచ్చారు. నియమమొచ్చింది: క్యాంటీన్‌కు వచ్చిన ప్రతివారికీ పాదాల కొలత తియ్యాలి. "బూట్లు కొనేవాళ్లకేనా?" అని తవిటినాయుడు ఫోన్‌లో అడిగితే, "పాఠాన్ని అంత సంకుచితంగా అర్థం చేసుకోకండి," అన్నారు డాక్టరు గారు. అగ్గిపెట్టె కొనడానికొచ్చినవాడు కూడా పాదం చాపాల్సిందే. ప్రెషర్ కుక్కర్ మూత లేకుండా ఇచ్చారు. నియమమొచ్చింది: మూత ఉండే ప్రతి వస్తువుకూ మూత తీసి చూపించాలి. కొబ్బరినూనెకూ తీశారు, పచ్చడి సీసాకూ తీశారు. మూత తీసిన సీసా 'వాడిన సరుకు' కిందికి వస్తుందని పాత రూలొకటి ఉంది కాబట్టి, చూపించిన సీసాను అమ్మకూడదు. చూపించని సీసాను ఎలాగూ అమ్మకూడదు.

ఒకరోజు కావాలని ఒకరి నంబరు ఇంకొకరికి పిలిచారు. అంతే, కార్డు పట్టుకొచ్చినవాడు అతనేనా, అసలు బతికే ఉన్నాడా అని మిలిటరీ రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయాలన్నారు. సుబేదార్ సన్యాసిరావు గారు కౌంటరు బద్దలయ్యేలా గుద్దారు.

"ఏమయ్యా నాయుడూ, నేను ఎదురుగా నిలబడి అరుస్తున్నాను. నేను బతికున్నానని ఉత్తరం దేనికయ్యా?"

"మీరు చెప్తే చెల్లదంట సాబ్. మీరు దీనిలో కక్షిదారులంట."

"జవాబెప్పుడొస్తుంది?"

"నెల పట్టొచ్చు సాబ్."

"ఈలోగా నేను పోతేనో?"

"అప్పుడు బతికున్నారని వచ్చిన జవాబు తప్పవుతుంది సాబ్," అన్నాడు తవిటినాయుడు తల దించుకుని. "అదొక పాఠం."

సుబేదార్ గారు కార్డు జేబులో పెట్టుకున్నారు. తర్వాత హిందీలో మాట్లాడారు. అది ఇక్కడ రాయలేను.

అయినా వాళ్లు పాత సిపాయిలు, అంత తేలిగ్గా లొంగుతారా? క్యాంటీన్ బతకాలంటే తప్పు సరుకు తీసుకోవాలని తెలిశాక, పెన్షనర్లంతా క్రమశిక్షణతో వచ్చి తప్పు సరుకే తీసుకున్నారు. తీసుకుని బయట సైకిల్ స్టాండులో గుండ్రంగా నిలబడేవారు. సుబేదార్ గారు మధ్యలో నిలబడి, "బకెట్ వచ్చినవాడు రెండడుగులు ముందుకు! గొడుగు వచ్చినవాడు కుడివైపు తిరుగు! మార్చుకో!" అని ఆర్డర్లిచ్చేవారు. పది నిమిషాల్లో ఎవరి సరుకు వాళ్ల సంచిలో ఉండేది. తవిటినాయుడు కిటికీలోంచి అది చూసి కళ్లు తుడుచుకునేవాడు. లోపల తను పాడుచేసిన పని బయట చక్కబడుతోందన్నదొక్కటే అతనికి మిగిలిన ఊరట.

ఆ సంగతి ఎలా తెలిసిందో, డాక్టరు గారు రెక్కలు కట్టుకుని వాలారు. కోపంతో ఊగిపోయారు.

"ఏమిటిది మేజర్ గారూ? మన తప్పును వినియోగదారులు దిద్దేసుకుంటున్నారా? మన అభ్యసనాన్ని బయటివాళ్లు కాజేస్తుంటే మీరు చూస్తూ ఊరుకున్నారా?"

సైకిల్ స్టాండు పీకేశారు. ఇచ్చిన సరుకును మూడు నెలలు ఎవరితోనూ మార్చుకోనని హామీపత్రం రాయించుకున్నారు. బకెట్లు వచ్చినవాళ్లు బకెట్లతోనే వానలో తడుస్తూ వెళ్లారు.

సోమవారం సోమవారం తప్పుల ప్రణాళికా సంఘం కూర్చునేది. చేసిన తప్పు మళ్లీ చెయ్యకూడదు కదా, అందుకని కొత్తవి వెతకాలి. అరవై దాటేసరికి సులువైన తప్పులన్నీ అయిపోయాయి. డెబ్భయ్యొకటోది తలుపు ఉండగా కిటికీలోంచి క్యాంటీన్‌లోకి రావడం. ఎనభై నాలుగోది చక్కెరకు బదులు, చక్కెర అడిగిన మనిషిని తూచి బిల్లు వెయ్యడం. తొంభయ్యోది మేజర్ గారు కూర్చున్న కుర్చీని, ఆయన లేవకముందే, ఒక పెన్షనరుకు అమ్మెయ్యడం. తొంభై ఆరోది ఎప్పుడో ప్రారంభమైన క్యాంటీన్‌ను మళ్లీ రిబ్బను కత్తిరించి ప్రారంభించడం. ఆ రోజు లడ్డూలు పంచారు. లడ్డూల వాసన కూడా ఇద్దరు చూశారు.

ఎదుగుదల మాత్రం జరిగిందండోయ్, కాదనకూడదు. కాగితాలు ఎదిగాయి. వాటికి బీరువాలొచ్చాయి, బీరువాలకు చోటు కావాలని గోడౌన్ ఖాళీ చేసి సరుకంతా వరండాలో టార్పాలిన్ కింద పడేశారు. ఒక సబ్బు కొనాలంటే ముప్పై ఒక్క సంతకాలు, నాలుగు రోజులు. జనం రావడం తగ్గింది. గ్రాఫులో గీత మాత్రం నిటారుగా పైకి పోయింది. తవిటినాయుడు ఇంట్లో కూడా మాట్లాడడం మానేశాడు. ఒకరోజు వాళ్లావిడ మంచినీళ్లడిగితే ఆలోచనలో పడి మజ్జిగ తెచ్చిచ్చాడు. ఆవిడ తిట్టింది. "దీన్ని రాసుకోవచ్చా?" అని అడిగాడు.

మార్చి ముప్పై ఒకటి వచ్చింది. తొంభై తొమ్మిది పాఠాల దగ్గర బండి ఆగిపోయింది.

డాక్టరు గారు పొద్దున్నే దిగారు. ఆయన కోటు ఒక జేబులో ప్రశంసాపత్రం, ఇంకో జేబులో మూసివేత ఉత్తర్వు. "సాయంత్రం ఐదింటికి ఏదో ఒకటి తీస్తాను," అన్నారు ప్రేమగా. సంఘం అత్యవసరంగా కూర్చుంది. మేజర్ గారు సబ్బు తిందామన్నారు. అది పదిహేడోది, అయిపోయింది. బోర్డు తలకిందులు చేద్దామన్నారు. బయటికెళ్లి చూస్తే అది అప్పటికే తలకిందులుగా ఉంది, తొంభై తొమ్మిదోది అదే. నాలుగున్నరయింది. మేజర్ గారు తల పట్టుకుని, ఇంకొకరికి అమ్మేసిన కుర్చీలోనే కూలబడ్డారు.

అప్పుడు గేటు దగ్గర బస్సు ఆగింది. ఒక్క మనిషే దిగింది. బూరెల పోలమ్మ.

తవిటినాయుడు తల తిప్పుకున్నాడు. ఈ నెలలో ఆమె రావడం ఇది నాలుగోసారి.

"నాయుడు బాబూ," అంది మెట్లెక్కి ఆయాసపడుతూ. "మూడుసార్లొచ్చినాను. మూడుసార్లూ ఒట్టి సంచితో ఎల్లినాను. కాళ్లు కొలిసినారు, కాయితం రాసినారు, ముక్కు ఎట్టి వాసన సూడమన్నారు. ఏటీ గోల? నాకేటి కావాలో నీకు తెల్దేటి?"

తెలుసు. అతనికి కాకపోతే ఎవరికి తెలుస్తుంది? రేపు నాయక్ అప్పన్న పోయిన రోజు. ఏటా ఆ రోజు పోలమ్మ అన్నం, చేపల పులుసు వండి, పక్కన క్యాంటీన్ రమ్ము పెట్టి ఫోటో ముందు ఉంచుతుంది.

"బయట కొట్లో ఏదో ఒకటి కొనుక్కో వదినా," అన్నాడు తవిటినాయుడు.

"ఆయన తాగుతాడేటి అది? ఈ కేంటీనుదే కావాలనీవోడు. రేపు ఎట్టకపోతే ఊరుకుంటాడేటి? బతికున్నప్పుడే ఊరుకోనేదు."

తవిటినాయుడు గడియారం చూశాడు. ఇంకో పావుగంటలో ఎలాగూ అంతా అయిపోతుంది. ఆరు నెలలు గడ్డి కరిచాం, అయినా దక్కలేదు. పోయేదేదో పోతుంది, ఆఖరి మనిషికైనా మనిషిలా ఇచ్చి పంపుదాం. అలా అనుకోగానే ఒంట్లోకి ఎక్కడలేని బలమొచ్చింది. వరండాలోకెళ్లి, టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి, సీలు తియ్యని సీసా ఒకటి, గంధం సబ్బులు రెండు, టీపొడి పొట్లం తెచ్చి ఆమె సంచిలో పెట్టాడు. ఏ వాసనా చూడలేదు. ఏ మూతా తియ్యలేదు. కార్డు గీకి, గుండెనిండా ఊపిరి పీల్చి, "నాలుగొందల పదహారూ!" అని గోడలు అదిరేలా కేకేశాడు. "జై హింద్!"

పోలమ్మ సంచి గుండెకి హత్తుకుని, "సల్లగుండు బాబూ," అని అదే బస్సెక్కి వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగితే డాక్టరు గారు నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"మీరు... ఇప్పుడు ఏం చేశారు?"

"సరుకిచ్చాను సాబ్," అన్నాడు తవిటినాయుడు ఛాతీ విరిచి. తుపాకీ గుండుకు ఎదురు నిలబడినట్టు నిలబడ్డాడు.

"ఏ సరుకు?"

"అడిగిన సరుకు."

"ఎవరికి?"

"అడిగిన మనిషికి."

"ఎప్పుడు?"

"అడగ్గానే."

డాక్టరు గారు పాఠాల రిజిస్టరు లాక్కున్నారు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వేలు పెట్టి చదివారు. మళ్లీ చదివారు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. మేజర్ గారు లేచి నిలబడి అటెన్షన్‌లోకి వచ్చేశారు.

"ఇది... ఇందులో లేదు," అన్నారు డాక్టరు గారు. "ఈ తప్పు ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు! వందోది! హవల్దార్ గారూ, వందోది!" అని తవిటినాయుణ్ని కావలించుకుని గిరగిరా తిప్పారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు.

మేజర్ గారు టోపీ గాల్లోకి ఎగరేశారు. క్యాంటీన్ నిలబడింది! తవిటినాయుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కౌంటరు పట్టుకున్నాడు. ఆరు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు పిచ్చోడు.

ఫారం తవిటినాయుడే నింపాలని డాక్టరు గారు పట్టుబట్టారు. ఆయన చెప్తుంటే తవిటినాయుడు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. తప్పు: అడిగిన సరుకును అడిగిన మనిషికి అడిగిన వెంటనే ఇచ్చుట.

"కారణం?"

"ఆవిడకి అవసరం సాబ్."

"'వినియోగదారు ఒత్తిడి' అని రాయండి. ఇక పాఠం. అమ్మకం జరిగినచోట అభ్యసనం జరగదు. ఆహా! రాశారా? ఇప్పుడు నూతన నియమం." గొంతు సవరించుకున్నారు. "ఈ తప్పు పునరావృతము కాకుండుటకై, ఇకపై ఈ శాఖలో ఎవరికిని ఏ వస్తువును అమ్మరాదు."

తవిటినాయుడి పెన్ను ఆగిపోయింది.

"సాబ్, అమ్మకపోతే మరి క్యాంటీన్ దేనికి సాబ్?"

డాక్టరు గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "చూశారా, ఎంత మంచి ప్రశ్న! ఆరు నెలల కిందట మీరు ఈ ప్రశ్న వేసేవారా? అదీ ఎదగడమంటే."

ఐదు కొట్టింది. ప్రశంసాపత్రం ఉన్న జేబులో చెయ్యి పెట్టారు.

బొండపేట క్యాంటీన్ మూతపడలేదు. ఇప్పటికీ పొద్దున్న పదింటికి తెరుస్తారు, సాయంత్రం ఐదింటికి వేస్తారు. సిబ్బంది నలుగురు ఉండేవారు, ఇప్పుడు ఇరవై ముగ్గురు. ఇతర శాఖల నుంచి బృందాలొచ్చి సబ్బుల్ని అద్దాల్లోంచి చూసి రాసుకుని వెళ్తుంటాయి. మేజర్ గారికి మెడల్ కూడా వచ్చింది, ఉతికించిన కోటు పనికొచ్చింది. తవిటినాయుడిని ప్రధాన అభ్యాసకుడిగా ప్రమోట్ చేసి, తిరిగే కుర్చీ ఇచ్చారు. బస్సు ఆగిన చప్పుడైతే ఇప్పటికీ లేచి కిటికీ దగ్గరికి వెళ్తాడు. ఎవరూ దిగరు. కాసేపు నిలబడి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని అటూ ఇటూ తిరుగుతాడు. ఒక్కోరోజు ఏడుపొస్తుంది.

మొన్న జూన్‌లో సెలవు పెట్టి, పోలమ్మను వెంటబెట్టుకుని నగరం క్యాంటీన్‌కు వెళ్లాడు. మూడున్నర గంటలూ ఇద్దరూ నిలబడే వెళ్లారు. దారిపొడుగునా ఆమె తిడుతూనే ఉంది. ఎవర్నని చెప్పలేదు గానీ, తవిటినాయుడు అవన్నీ తనకే తగిలించుకున్నాడు.

అక్కడ కౌంటర్లో చత్వారం కళ్లజోడు పెట్టుకున్న ఒక రిటైర్డ్ నాయక్ ఉన్నాడు. పోలమ్మ కార్డు తీసుకున్నాడు, ఆమె చెప్పింది విన్నాడు, వెనక్కి తిరిగి సబ్బులు, టీపొడి తెచ్చి సంచిలో పెట్టాడు, కార్డు గీకి వెనక్కిచ్చాడు.

"ఇంకేమైనా కావాలా అమ్మా?"

"అయిపోనాదా?" అంది పోలమ్మ నమ్మలేక.

"అయిపోయిందమ్మా."

తవిటినాయుడు కదల్లేదు. కౌంటరు చెక్కను అరచేత్తో నెమ్మదిగా నిమురుతున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"ఏమైంది సాబ్? సరుకేమైనా తేడా వచ్చిందా?" అన్నాడు నాయక్ కంగారుగా.

"లేదు తమ్ముడూ. ఏ తేడా లేదు. మీ దగ్గరికి పైనుంచి ఎవరైనా వచ్చారా?"

"ఇంకా లేదు సాబ్. వచ్చే సోమవారం ఎవరో డాక్టరు గారు వస్తారంట. మా పని చూస్తారంట."

తవిటినాయుడు అటూ ఇటూ చూసి, కౌంటరు మీదకి వంగి, అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నా మాట విను తమ్ముడూ. ఆ రోజు మాత్రం ఇంత బాగా పని చెయ్యకు."